గూడు ఉప్పలపాడులో సరే, మేత ఎక్కడ?

ఉప్పలపాడు చెరువుగట్టు ఎక్కగానే ముందు ముక్కుకు తగిలేది వాసన. రెట్టా, కుళ్లిన చేపా కలిసిన ఘాటు. రెండు నిమిషాలకు అది అలవాటైపోతుంది. అప్పుడు చెవులు మేలుకుంటాయి. నీళ్ల మధ్య తుమ్మచెట్ల మీద ఎక్కడ చూసినా గూళ్లే, ప్రతి గూట్లో ఆకలి అరుపులే. కొమ్మలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. గుంటూరు నుంచి ఆటోలో అరగంట దూరంలో ఇలాంటి చోటు ఉందని గుంటూరులోనే చాలామందికి తెలియదు.

మొన్న డిసెంబరులో వెళ్లినప్పుడు ఒక గూడబాతు పిల్లకు మేత పెట్టడం దగ్గరగా చూశాను. పెలికాన్ అని పేపర్లలో రాసేది దీన్నే. తల్లి వచ్చి వాలీవాలగానే పిల్ల తన తలను మొత్తం తల్లి గొంతులోకి దూర్చేసింది. మెడ దాకా లోపలికి వెళ్లిపోయి, రెక్కలు కొట్టుకుంటూ వెతుక్కుంటోంది. తల్లి రెండు కాళ్లూ బిగబట్టి నిలబడింది. పిల్ల తల బయటికి తీసేసరికి దాని ముక్కులో జానెడు చేప తోక ఇంకా కదులుతోంది. నా పక్కన గట్టు మీద కూర్చున్న ఆ ఊరి పెద్దావిడ అంది: "ఏ చెరువులో పట్టుకొస్తయ్యో నాయనా, మా చెరువులో అంత చేపల్లేవు."

పక్షుల సంరక్షణ గురించి నేను చదివినదంతా ఆ ఒక్క మాటలో ఉందనిపించింది.

ఉప్పలపాడు వాళ్లు చేసింది చిన్న పని కాదు. ఊరి చెరువును పక్షులకు వదిలిపెట్టారు, వేటగాళ్లను రానివ్వలేదు. గూడబాతు ప్రపంచం మొత్తం మీద దక్షిణ, ఆగ్నేయ ఆసియాలో తప్ప ఇంకెక్కడా లేని పక్షి. ముప్పుకు దగ్గరలో ఉన్న జాతిగా లెక్కిస్తున్నారు. అలాంటి పక్షి గుంటూరు పొలిమేరలో పిల్లల్ని పెంచుకుంటోందంటే అది ఆ ఊరి గొప్పతనమే. కానీ ఆ చెరువు గూటికి చోటు ఇవ్వగలదు, అంతే. నెల రోజులు పొదిగి, ఆ తర్వాత మూడు నాలుగు నెలలు పిల్లను మేపాలంటే తల్లి రోజూ ఊరు దాటాలి. తీగలు దాటాలి, పొలాలు దాటాలి, ఎవరి చెరువులోనో దిగాలి. మనం కంచె వేసేది గూటి చుట్టూ. పక్షి ప్రాణం పోయేది మేత దగ్గర, లేదంటే దారిలో.

తాడేపల్లిగూడెం ప్రాంతంలో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశోధకుడు 1946లో పెద్ద గూడబాతుల గూళ్ల గుంపును చూశాడు. ఊరివాళ్లు వాటిని ఇంటి పక్షుల్లా చూసుకునేవాళ్లు, రెట్టను పొలాలకు ఎరువుగా వాడుకునేవాళ్లు. ఆ గూళ్లు ఇప్పుడు లేవు. ఊరి ప్రేమ ఒక్కటే సరిపోదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

కొల్లేరులో పక్షులు పెరిగాయా, తగ్గాయా?

ఈ ప్రశ్న అడిగితే ఇద్దరు మనుషులు రెండు జవాబులు చెబుతారు. ఇద్దరూ నిజమే చెబుతారు. చిక్కంతా అక్కడే ఉంది.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న లోతు తక్కువ సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు వాటిని సముద్రానికి తీసుకెళ్తుంది. బుడమేరు అంటే విజయవాడ వాళ్లకు 2024 సెప్టెంబరు గుర్తొస్తుంది. సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తు దాకా వచ్చిన నీళ్లు గుర్తొస్తాయి. ఆ ఏరు చివరికి చేరాల్సింది కొల్లేరుకే. వానాకాలం సరస్సు పరుచుకుంటుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. ముడుచుకునేటప్పుడు అంచుల్లో మోకాలి లోతు నీళ్లు, బురద, నాచు, నత్తలు మిగులుతాయి. నీటి పక్షుల్లో చాలావరకు బతికేది ఆ అంచు మీదే.

1999లో సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత (ప్లస్ 5 కాంటూరు) దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అప్పటికే సరస్సులో చాలా భాగం చేపల చెరువులైపోయింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చేశారు. ఆ తర్వాత మళ్లీ గట్లు లేచాయి, మళ్లీ కోర్టులు, మళ్లీ ఎన్నికల వాగ్దానాలు. ఆ గొడవలోకి ఇప్పుడు వెళ్లను. చేపల చెరువు పక్షికి ఏం చేస్తుందో అదొక్కటే చూద్దాం.

ఎర్రకాళ్ల కొంగ చేపను కంటితో చూసి పట్టదు. ముక్కు కొంచెం తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తుంది. చేప తగిలిందా, రెప్పపాటులో ముక్కు మూసుకుంటుంది. అంటే అది నిలబడి నడిచేంత లోతే ఉండాలి, అంతకు మించకూడదు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తను పట్టి లోపలి మాంసం లాగడానికి అనువుగా. దానికి వరిమడో, బురద అంచో కావాలి. గూడబాతు అలా కాదు. ఈదుకుంటూ వెళ్లి గొంతు సంచితో నీళ్లతో సహా చేపను ఎత్తేస్తుంది. నీటికాకి మునిగి పట్టుకుంటుంది. ఈ రెండింటికీ లోతు అడ్డం కాదు.

ఇప్పుడు అదే బురద అంచును తవ్వి, గట్టు వేసి, మనిషి లోతు నీళ్లు పెట్టి, బొచ్చె, శీలావతి పిల్లలు వదిలారనుకోండి. గూడబాతుకూ నీటికాకికీ భోజనం వడ్డించినట్టే. కొంగకు, బాతులకు, ఉల్లంకి పిట్టలకు ఉన్న పళ్లెం లాగేసినట్టే. కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీ శాఖ పెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు కిక్కిరిసి గూళ్లు పెడుతున్నాయి. వాటిని చూసి వచ్చినవాడు పక్షులు పెరిగాయంటాడు. చలికాలం బాతుల కోసం చిన్నప్పుడు తాతతో వెళ్లినవాడు తగ్గాయంటాడు. మొత్తం లెక్క ఒకటి వేసి పెరిగింది, తగ్గింది అంటే ఇక్కడ ఏమీ తెలియదు. ఏ పక్షి, ఏ మేత అని అడగాలి.

చేపల రైతును తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. మేతకు అప్పు తెచ్చి పెంచిన పిల్ల చేపలను వంద నీటికాకులు వచ్చి మింగుతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. రొయ్యల చెరువైతే ఇంకా టెన్షన్. ఒక చెరువులో తెల్లమచ్చ వైరస్‌తో చచ్చిన రొయ్యను పక్షి ఎత్తుకొచ్చి పక్క చెరువులో వదిలితే పంట పోతుంది. అందుకే చెరువు పైన దారాలు కడతారు. కట్టడం తప్పు కాదు, ఏ దారం కడుతున్నారన్నదే అసలు విషయం. సన్నటి నైలాన్ దారం పక్షికి కనిపించదు. పైనుంచి దిగుతూ రెక్క చిక్కుకుని, తలకిందులుగా వేలాడి, ఎండకు చస్తుంది. లావుపాటి రంగు తాడు బిగించి, మధ్యమధ్యలో మెరిసే రిబ్బన్లు కడితే పక్షి పైనుంచే చూసి పక్కకు పోతుంది. కనిపించే దారం పక్షిని దూరం పెడుతుంది, కనిపించనిది పక్షిని పట్టుకుంటుంది. రైతుకు కావలసింది మొదటిదేగా.

ఇంకో సంగతి ఇప్పుడిప్పుడే బయటపడుతోంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఈ మధ్య ఏళ్లలో గూడబాతులు వరసగా చనిపోయాయి. కోసి చూస్తే కడుపులో నులిపురుగులు. అవి తినే చేపల్లోంచే వచ్చాయని, ఆ చేపలు చెరువులవని అనుమానం. చెట్టు మీద గూడు భద్రంగానే ఉంది, కాపలా ఉంది, ఊరంతా తోడుంది. చావు మేతలో వచ్చింది.

గుళికలు

మా బాబాయికి ప్రత్తిపాడు వైపు రెండెకరాల మిరప. కొన్నేళ్ల క్రితం నారుమడిలో గుళికల మందు చల్లిన మర్నాడు పొద్దున్నే నేను చేలో ఉన్నాను. గట్టు పక్కన ఒక గోరువంక కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లినా లేవలేదు. కళ్లు సగం మూసి, ముక్కు తెరిచి, ఒళ్లంతా సన్నగా వణుకుతోంది. పసుపుపచ్చ కాళ్లు ముడుచుకుపోయాయి. రెండు చేతుల్లోకి తీసుకుంటే గుండె కొట్టుకోవడం వేళ్లకు తెలుస్తోంది. గట్టు దాకా నడిచేలోపు ఆగిపోయింది. బాబాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మన మందేరా" అన్నాడు.

ఎందుకు తింది? ఇది చాలామందికి తెలియదు. పక్షికి పళ్లు లేవు. గింజను లోపల నలగ్గొట్టుకోవడానికి అది ఇసుక రేణువుల్ని, చిన్న చిన్న రాళ్లను ఏరుకుని మింగుతుంది. గుళిక సరిగ్గా ఆ సైజులో ఉంటుంది. ఆకలికి కాదు, అలవాటుకొద్దీ మింగుతుంది. కార్బోఫ్యూరాన్ అనే పురుగుమందు గుళిక ఒక్కటి చిన్న పిట్టను చంపడానికి చాలు. పక్షుల చావులు చూశాకే అమెరికాలో 1990ల్లో దాని గుళికల వాడకాన్ని దాదాపు ఆపేశారు. మన దగ్గర 2023లో కార్బోఫ్యూరాన్ మిగతా రూపాలన్నింటినీ నిలిపేసి 3 శాతం గుళికలను మాత్రం ఉంచారు. పక్షి మింగే రూపమే మిగిలింది. ఇది మార్చాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. అప్పటిదాకా రైతు చేతిలో ఉన్నది ఒకటుంది. చల్లిన వెంటనే మట్టి కలిపి కప్పెయ్యాలి. సాలు చివర, సంచి విప్పిన చోట కుప్పగా ఒలికినవాటిని ఎత్తేయాలి. పిట్టలకు ముప్పు ఎక్కువ ఆ ఒలికిన చోటే. బాబాయి ఆ ఏటి నుంచి అలాగే చేస్తున్నాడు.

ఒక మందు దూరాన ఉన్న దేశంలో ఏం చేయగలదో చెప్పడానికి అర్జెంటీనా కథ ఉంది. 1995, 96 మధ్య అక్కడి పొలాల్లో మిడతలకు మోనోక్రోటోఫాస్ కొట్టారు. మన రైతులు మోనో అని పిలిచేది అదే. మిడతల్ని తినడానికి ఉత్తర అమెరికా నుంచి వలస వచ్చిన గద్దలు వేల సంఖ్యలో చెట్ల కింద రాలిపోయాయి. వాటి గూళ్లు అమెరికా, కెనడాల్లో ఎంత భద్రంగా ఉన్నా ప్రయోజనం లేకపోయింది. ఆ తర్వాతే అర్జెంటీనా ఆ మందును వదిలించుకుంది.

ఇది కంటికి కనిపించే చావు. కనిపించనిది ఇంకా పెద్దది. మందు పురుగుల్ని చంపుతుంది, అందుకే కొడతాం. కానీ గింజలు తినే పిట్టల్లో కూడా చాలావరకు పిల్లలకు మొదట పెట్టేది పురుగులే. కోస్తా ఊళ్లలో గుమ్మానికో, గుడి మండపంలోనో పిచ్చుకల కోసం వరి కుచ్చు కట్టడం మన అలవాటు, నాకు చాలా ఇష్టమైన అలవాటు. అయితే ఆ కుచ్చు పెద్ద పిచ్చుకకే. గూట్లో కళ్లు తెరవని పిల్లకు గొంగళిపురుగు కావాలి. అది దొరకని చోట కుచ్చు ఎంత నిండుగా ఉన్నా పిల్ల నిలవదు. పిచ్చుకలు పోయింది సెల్ టవర్ల వల్లేనని అందరూ అంటారు. దానికి గట్టి రుజువు లేదు. పెంకుటింటి చూరు పోయి కాంక్రీటు గోడ రావడం, పెరట్లో మట్టి పోయి టైల్స్ రావడం, పురుగు తగ్గడం, వీటికి ఉన్న ఆధారాలు ఎక్కువ. టవర్ మీద కోపం తీర్చుకుని ఇంటికొస్తే ఈ మూడూ అలాగే ఉంటాయి.

2023లో దేశంలోని పక్షుల స్థితి మీద పెద్ద నివేదిక వచ్చింది. దీర్ఘకాలపు లెక్క వేయగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయి. బాగా తగ్గినవాటిలో పాలపిట్ట ఉంది. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మన నమ్మకం. చేలో, తీగ మీద, స్వేచ్ఛగా ఉన్న పిట్టను చూడటమే ఆ ఆచారం. పంజరంలో రెక్కలు కట్టేసి తెచ్చినదాన్ని డబ్బులిచ్చి చూడటం మాత్రం దాన్ని పట్టేవాడికి కూలి ఇవ్వడమే.

ఒక్కసారి గొలుసు దొరికింది

ఈ చిక్కుముడిని మొదటి నుంచి చివరిదాకా విప్పగలిగిన సందర్భం మన దేశంలోనే ఉంది, రాబందుల కథ. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు వందకు 99కి పైగా పోయాయి. ఎవరూ వేటాడలేదు, గూళ్లు ఎవరూ తీయలేదు. కారణం 2004లో తేలింది. గొడ్డుకు నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ ఇచ్చేవాళ్లు. ఆ గొడ్డు చనిపోతే కళేబరాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు దెబ్బతిని, లోపలి అవయవాల మీద యూరిక్ యాసిడ్ పేరుకుని చస్తుంది. నన్ను ఇప్పటికీ వదలని విషయం ఏంటంటే, ఇంత నాశనానికి కళేబరాల్లో వందకు ఒకటి కన్నా తక్కువ వాటిలో మందు ఉన్నా చాలు. ఒక గొడ్డు మీద గుంపు మొత్తం వాలుతుంది కదా.

2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. మెలాక్సికామ్ అనే ఇంకో నొప్పి మందు రాబందుకు హాని చేయదని తేల్చి దాన్ని ముందుకు తెచ్చారు. అయినా మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు పశువులకు వాడుతూనే ఉన్నారు. 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు తగ్గించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు ఆపేశారు. చూడండి, పక్షిని కాపాడిన పని అడవిలో జరగలేదు. మందుల షాపులో, సీసా సైజులో జరిగింది. గేదె ఉన్న ఇల్లు ప్రతిదీ ఇందులో భాగమే. డాక్టరు సూది వేసేటప్పుడు మెలాక్సికామ్ ఉందా అని అడిగితే చాలు.

జనవరి దారం

విజయవాడలో మేము అద్దెకు ఉన్న వీధిలో ఒక వేపచెట్టు ఉండేది. కనుమ మర్నాడు దాని పైకొమ్మకు ఒక గద్ద వేలాడుతోంది. కింది ఇంటి పిల్లాడు నిచ్చెన తెచ్చాడు, నేను ఎక్కాను. దారం రెక్క కీలు చుట్టూ నాలుగు చుట్లు తిరిగి ఉంది. ఈకలు పక్కకు తీస్తే చర్మం కోసుకుపోయి, లోపల తెల్లగా ఎముక. అంత సేపూ అది నన్ను చూస్తూనే ఉంది. "అంకుల్, లాగండి, వస్తుంది" అన్నాడు కింద నుంచి పిల్లాడు. లాగి ఉంటే రెక్క చేతికి వచ్చేది.

అదే ముఖ్యంగా చెప్పాలి. దారాన్ని లాగకూడదు. అటూ ఇటూ కత్తిరించి, చుట్టుకున్న ముక్కను అలాగే వదిలేసి, పాత గుడ్డ తల మీదుగా కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా పెట్టాలి. నోట్లో నీళ్లు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిండి పెట్టకూడదు. అటవీ శాఖకు ఫోన్ చేయాలి, లేదా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మా గద్ద బతికింది కానీ మళ్లీ ఎగరలేదు.

మామూలు నూలు దారం తొందరగా తెగుతుంది. చైనా మాంజా అని అమ్మే ప్లాస్టిక్ దారం తెగదు, కుళ్లదు. పండగ అయిపోయాక కూడా చెట్లలో నెలల తరబడి ఉరితాడులా ఉండిపోతుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దాన్ని దేశమంతా నిషేధించింది. అయినా సంక్రాంతికి దొరుకుతోంది. పండగ మర్నాడు వీధి పిల్లలందరినీ పోగేసి, చెట్లకూ తీగలకూ వేలాడే దారాలు అందినంత వరకు తీయించడం కొన్ని గంటల పని. కరెంటు తీగల మీదివి మాత్రం లైన్‌మన్‌కే వదలాలి.

కరెంటు తీగ అంటే గుర్తొచ్చింది. గూడబాతు రెక్కలు చాపితే రెండు మీటర్లకు పైనే. రెండు తీగలకు ఒకేసారి రెక్కలు తగిలినా, తీగకూ స్తంభం మీది ఇనుప అడ్డానికీ కలిపి తగిలినా మాడిపోతుంది. పక్షులు రోజూ దాటే చోట స్తంభం దగ్గర తీగకు ప్లాస్టిక్ తొడుగు వేస్తే, తీగ పొడవునా ఎగిరే పక్షికి కనిపించే బిళ్లలు వేలాడదీస్తే చాలావరకు ఆగుతుంది. బందరు రోడ్డు మీద అద్దాల మేడలది ఇంకో సమస్య. అద్దంలో ఆకాశం, చెట్టు కనిపించి పక్షి నేరుగా గుద్దుకుంటుంది. అద్దానికి బయటి వైపు రెండేసి అంగుళాల దూరంలో చుక్కలు పెడితే అది అద్దాన్ని గుర్తుపడుతుంది. ఒక్క గద్ద బొమ్మ అంటిస్తే లాభం లేదు.

చట్టం చేయి ఎంత దూరం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు అర్థం చాలా విశాలం. పక్షి గుడ్డును, గూటిని కదిపినా వేటే. చేత్తో చేసే హానిని ఆ చట్టం బాగా పట్టుకుంటుంది. కానీ ఒలికిన గుళిక, కనిపించని దారం, తొడుగు లేని తీగ, గొడ్డుకు వేసిన సూది, వీటిలో చేయి ఎవరిది? చంపాలని ఎవరూ అనుకోలేదు. ఉప్పలపాడు చెరువు దగ్గర అటవీ శాఖ ఉంటుంది. గట్టు దిగితే తీగలు విద్యుత్ సంస్థవి. పొలంలో మందు వ్యవసాయ శాఖ చూడాలి. చేపల చెరువు మత్స్య శాఖది, పశువుల మందు ఔషధ నియంత్రణ వాళ్లది. ఒక్క గూడబాతు ఉదయం నుంచి సాయంత్రం లోపు ఐదు ఆఫీసుల పరిధి దాటుతుంది. ఆ ఐదుగురూ ఒక గదిలో కూర్చుని ఆ పక్షి గురించి మాట్లాడుకోవాల్సిన పని ఏ ఫైలులోనూ ఉండదు.

ఊరు పిలిస్తే కూర్చుంటారేమో. పంచాయతీ ఆఫీసులో ఒక సాయంత్రం చాలు. లైన్‌మన్, పురుగుమందుల షాపు ఆయన, చుట్టుపక్కల చెరువుల రైతులు ఇద్దరు ముగ్గురు, పశువుల డాక్టరు. పక్షులు ఏ వైపు వెళ్తున్నాయో గట్టు మీద కూర్చునే ఆ పెద్దావిడకు ఎవరికన్నా బాగా తెలుసు, ఆవిడను కూడా పిలవాలి. ఆ దిక్కులో ఉన్న స్తంభాల నంబర్లు రాసుకుంటే ఎక్కడ తొడుగులు వేయాలో తేలిపోతుంది. గూళ్లు కట్టడం సెప్టెంబరులో మొదలవుతుంది. తొడుగులు వేయడానికి ఆగస్టు ఆఖరు దాకా టైముంది.